టైరు మీద 91 అని ఉంటే ఎన్ని కిలోలు? అసలు ఆ బరువు మోసేది ఎవరు?

అరిగిన టైర్లు మార్చుదామని ఆన్‌లైన్‌లో వెతికితే ఒకే సైజు రెండు మూడు రకాలుగా కనబడుతుంది. 185/65 ఆర్15 కొట్టామనుకోండి. ఒకదాని చివర 88హెచ్ అని ఉంటుంది, ఇంకోదాని చివర 92టి ఎక్స్ఎల్ అని ఉంటుంది. సైజు అదే, రిమ్ము అదే. ఈ తోక మాత్రం వేరు. అమ్మేవాళ్లను అడిగితే "నంబరు పెద్దదైతే ఇంకా గట్టిది సార్" అంటారు. బండి గురించి బాగా తెలిసిన బంధువునెవరినైనా అడిగితే "కంపెనీ ఇచ్చిందే వెయ్యి, మిగతా గొడవ నీకెందుకు" అంటాడు. రెండు మాటల్లోనూ సగం నిజం ఉంది. ఆ సగం ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే టైరు పక్కన కాసేపు గొంతుకు కూర్చోవాలి.

టైరు పక్కన రాసి ఉన్నది చదివితే

ఉదాహరణకు 205/55 ఆర్16 91వి. మొదటి 205 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే ఆ వెడల్పులో 55 శాతం టైరు ఎత్తు, సుమారు 113 మిల్లీమీటర్లు. రిమ్ము అంచు దగ్గర్నుంచి రోడ్డు తాకే చోటిదాకా ఉండే రబ్బరు గోడ ఎత్తు అన్నమాట. ఆర్ అంటే రేడియల్, 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. చివర మిగిలిన 91 లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువుకు గుర్తు), వి స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల గరిష్ఠ వేగానికి గుర్తు). గందరగోళమంతా ఈ రెండింటి దగ్గరే.

ఇంకాస్త కిందికి వంగి చూస్తే, రిమ్ముకు దగ్గరగా, చదవడానికి కళ్లు చికిలించాల్సినంత చిన్న అక్షరాల్లో మ్యాక్స్ లోడ్, మ్యాక్స్ ప్రెషర్ అని మరో రెండు అంకెలు కూడా చాలా టైర్ల మీద ఉంటాయి. మ్యాక్స్ ప్రెషర్ 44 పీఎస్ఐ, 51 పీఎస్ఐ లాంటిది. పీఎస్ఐ అంటే గాలి ఒత్తిడి కొలత. ఇది టైరుకు హద్దు, మీ కారుకు కొట్టాల్సిన గాలి కాదు. కారుకు ఎంత గాలి కొట్టాలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద గానీ, పెట్రోలు మూత లోపల గానీ ఉండే స్టిక్కరు చెబుతుంది. టైరు మీది అంకె చూసి గాలి కొట్టించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కారు గులకరాయి మీద ఎక్కినా ఎగిరిపడుతోందని ఫిర్యాదు చేసేది కూడా తరచూ వాళ్లే.

91 కిలోలు కాదు, వరసలో ఒక స్థానం

లోడ్ ఇండెక్స్ అనేది నేరుగా బరువు కాదు. ఒక పట్టికలో వరస సంఖ్య. 91 ఎదురుగా 615 కిలోలు అని ఉంటుంది. అంటే నిర్ణీత గాలి ఉన్నప్పుడు ఆ ఒక్క టైరు 615 కిలోల దాకా మోయగలదని. 82కు 475 కిలోలు, 88కి 560, 94కు 670, 95కు 690, 100కు 800.

ఈ పట్టిక ఎవరో నోటికొచ్చినట్టు రాసింది కాదు. 0 దగ్గర 45 కిలోలతో మొదలవుతుంది, 80 దగ్గర సరిగ్గా పదింతలై 450 అవుతుంది. మధ్యలో ఒక్కో మెట్టుకు దాదాపు 3 శాతం పెరుగుతుంది. వడ్డీ మీద వడ్డీ లెక్కలా. అందుకే 24 మెట్లు ఎక్కితే బరువు రెట్టింపు: 84కు 500 కిలోలు, 108కి 1000.

దీన్నిబట్టి ఒక విషయం గమనించాలి. 91 బదులు 88 వేస్తే "మూడే కదా తేడా" అనిపిస్తుంది. కానీ 615 నుంచి 560కి దిగాం, ఒక్కో టైరుకు 55 కిలోలు. నాలుగు టైర్లకు 220 కిలోలు. ముగ్గురు పెద్దమనుషుల బరువు.

కారు బరువును నాలుగుతో భాగిస్తే ఎక్కడ తప్పుతాం

"మా కారు 1,280 కిలోలు. నాలుగు 88 టైర్లు కలిపి 2,240 మోస్తాయి. సగం శక్తి వృథాగా పడి ఉంది" అని లెక్క చెప్పేవాళ్లు ఉంటారు. ఈ లెక్కలో రెండు పొరపాట్లున్నాయి. అవి తెలియాలంటే మూడు మాటలు విడివిడిగా తెలుసుకోవాలి.

కారు మనుషులూ సామానూ లేకుండా తూగేది ఖాళీ బరువు, కెర్బ్ వెయిట్. మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి కారు తయారీదారు ఒప్పుకునే గరిష్ఠ బరువు మొత్తం బరువు, గ్రాస్ వెహికల్ వెయిట్. ముందు ఇరుసు మీద, వెనక ఇరుసు మీద విడివిడిగా పడనివ్వగల గరిష్ఠ బరువు ఇరుసు లోడు. టైరు ఎంపికకు పనికొచ్చేది ఈ మూడోదే.

ఒక ఊహా కారు తీసుకుందాం. ఖాళీ బరువు 1,280 కిలోలు. మొత్తం బరువు 1,730. ముందు ఇరుసు హద్దు 900, వెనక ఇరుసు హద్దు 920. ఈ రెండూ కలిపితే 1,820 వస్తుంది, మొత్తం బరువు కన్నా ఎక్కువ. తప్పేం కాదు. బరువు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు సర్దుకుంటుంది కాబట్టి రెండు ఇరుసులకూ కాస్త వెసులుబాటు ఇస్తారు.

ఇప్పుడు 1,730ని నాలుగుతో భాగిస్తే 432.5 కిలోలు. పట్టికలో 79కి 437 ఉంది కాబట్టి 79 చాలుననిపిస్తుంది. చాలదు. ఐదుగురూ ఎక్కి, డిక్కీ నిండా సామాను వేస్తే వెనక ఇరుసు మీద 920 కిలోలు పడొచ్చు. అంటే వెనక టైరు ఒక్కోటి 460 మోయాలి. కనీసం 81 కావాలి, దానికి 462. అది కూడా చివరి అంచు. అందుకే ఇలాంటి కారుకు కంపెనీ 88 టైరు ఇస్తే, 560కీ 460కీ మధ్య ఆ వంద కిలోలు వృథా అనుకోకూడదు. అవి ఎందుకున్నాయో చెప్పేముందు అసలు బరువు మోసేదెవరో చూడాలి.

మోసేది రబ్బరు కాదు, గాలి

ఇంట్లో అందరూ కారెక్కే ముందు వెనక టైరు దగ్గర నిలబడి ఒకసారి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు టైరు అడుగున చిన్న పొట్ట ఉంటుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చోగానే ఆ పొట్ట ఇంకొంచెం బయటికొస్తుంది. డిక్కీలో పెట్టెలు పెడితే ఇంకొంచెం. లోపలి గాలి ఒత్తిడి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. మారేది టైరు నేలకు ఆనే చోటు. బరువు పెరిగేకొద్దీ టైరు ఇంకాస్త అణిగి, ఇంకాస్త ఎక్కువ నేలను తాకి, ఆ పెరిగిన బరువును గాలి ఒత్తిడి మీద నిలబెడుతుంది.

లెక్క వేస్తే 460 కిలోలు, 32 పీఎస్ఐ గాలి అయితే నేలకు ఆనే భాగం 200 చదరపు సెంటీమీటర్ల చిల్లర. వేళ్లు చాచి చెయ్యి ఆనిస్తే ఎంతో దరిదాపుగా అంత. రబ్బరు గోడ కూడా కొంత మోస్తుంది గానీ అది తక్కువ. గాలి మొత్తం తీసేస్తే ఆ గోడ ఏపాటిదో పంక్చరైన ప్రతివాళ్లకూ తెలుసు.

అందుకే లోడ్ ఇండెక్స్ చెప్పే కిలోలకు పక్కనే ఒక షరతు ఉంటుంది. యూరప్ ప్రమాణాల ప్రకారం మామూలు టైరుకు ఆ గరిష్ఠ బరువు 36 పీఎస్ఐ దగ్గర, అంటే 250 కిలోపాస్కల్ దగ్గర. అమెరికా పద్ధతిలో 35. గాలి అంతకన్నా తగ్గితే మోయగలిగేదీ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో లెక్కించడానికి యూరప్ పద్ధతిలో ఉన్న గాలిని ఆ నిర్ణీత గాలితో భాగించి, వచ్చినదాన్ని 0.8 ఘాతానికి తీసుకుని, గరిష్ఠ బరువుతో గుణిస్తారు. సూత్రం నచ్చనివాళ్లు వదిలేయండి, ఫలితం చూడండి.

మన ఊహా కారు టైరు 88, గరిష్ఠం 560 కిలోలు. స్టిక్కరు మీద 32 పీఎస్ఐ అని ఉందనుకుందాం. ఆ గాలికి టైరు మోసేది సుమారు 505 కిలోలు. వెనక టైరుకు కావాల్సింది 460. బాగానే ఉంది. ఇప్పుడు రెండు మూడు నెలలు గాలి చూసుకోలేదు, 26కు దిగింది. మోయగలిగేది సుమారు 430. టైరు మీద 88 అనే అంకె చెక్కుచెదరలేదు, కొత్త టైరే, అరగలేదు కూడా. అయినా నిండు కారుకు అది ఇప్పుడు ఓవర్‌లోడ్. 32 దగ్గర మిగిలిన 45 కిలోల వెసులుబాటు ఆరు పీఎస్ఐలో కరిగిపోయింది.

ఓవర్‌లోడ్ అయితే టైరు అక్కడికక్కడే పేలిపోదు. అసలు చిక్కు అదే. ప్రతి చుట్టుకూ పక్క గోడ మామూలుకన్నా ఎక్కువ వంగి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టు, ఆ వంగడం వేడిగా మారుతుంది. హైవే మీద నిమిషానికి ఎనిమిది, తొమ్మిది వందల చుట్లు తిరిగే టైరు ఆ వేడిని వదిలించుకునే తీరిక లేకుండా పోగేసుకుంటుంది. లోపలి ఉక్కు బెల్టులకూ రబ్బరుకూ మధ్య అతుకు నెమ్మదిగా వదులవుతుంది. విడిపోవడం ఏ రోజు జరుగుతుందో చెప్పలేం. ఈ రోజు ఓవర్‌లోడ్ చేసి, రెండు నెలల తర్వాత మామూలు ప్రయాణంలో ఊడిపోవచ్చు.

26 పీఎస్ఐ అనే అంకె నేను ఊరికే తీసుకోలేదు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కారుకు ఒకప్పుడు సిఫార్సు చేసిన గాలి అది. దానికి వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ (రోడ్డును తాకే పై పొర) ఊడిపోయి అమెరికాలో ప్రమాదాలు వరసగా జరిగాక, 2000 ఆగస్టులో దాదాపు 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. ఆ టైర్లతో ముడిపడిన మరణాలు 271 అని అక్కడి ప్రభుత్వ రికార్డు. గాలి తక్కువ చెప్పారని, కారు తేలిగ్గా బోల్తా పడుతుందని టైరు కంపెనీ అంది, 30 ఉండాలంది. అదే గాలితో వేరే కంపెనీ టైర్లు బాగానే నడిచాయని, లోపం టైరుదేనని కారు కంపెనీ అంది. 2001లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ కొన్ని టైర్ల బెల్టు అంచు నిర్మాణంలోనే లోపం ఉందని తేల్చింది. కాబట్టి గాలి తక్కువవడమే కారణమని ఒక్క ముక్కలో చెప్పడం న్యాయం కాదు. కానీ బలహీనమైన అతుకును వేడి మీద పరీక్షించింది ఆ తక్కువ వెసులుబాటే అనే వాదన మాత్రం ఇప్పటికీ నిలబడుతుంది. డ్యాష్‌బోర్డు మీద గాలి తగ్గితే వెలిగే దీపం అమెరికాలో తప్పనిసరి అయింది ఆ గొడవ తర్వాత వచ్చిన చట్టంతోనే.

ఆ దీపం గురించి కూడా ఒక మాట. అమెరికా నిబంధన ప్రకారం స్టిక్కరు గాలి కంటే 25 శాతం తగ్గేటప్పటికి అది వెలగాలి. 32కు 25 శాతం తగ్గితే 24. మన 88 టైరు 24 దగ్గర మోసేది 400 కిలోల చిల్లర. నిండు కారుకు కావాల్సింది 460. అంటే దీపం వెలగలేదు కదా అని నిశ్చింతగా ఉన్నవాడు అప్పటికే హద్దు దాటి చాలా దూరం వచ్చేసి ఉండొచ్చు.

ఎక్స్ఎల్ వేస్తే ఎక్కువ మోస్తుందా?

మొదట చెప్పిన 92 ఎక్స్ఎల్ దగ్గరికి ఇప్పుడు వద్దాం. ఎక్స్ఎల్ అంటే ఎక్స్‌ట్రా లోడ్. కొన్ని టైర్ల మీద రీఇన్‌ఫోర్స్‌డ్ అని ఉంటుంది, అదీ ఇదే. లోపలి కట్టుబడి బలంగా ఉంటుంది కాబట్టి ఎక్కువ గాలిని తట్టుకుంటుంది. ఆ ఎక్కువ గాలి ఎక్కువ బరువు మోస్తుంది. మామూలు టైరుకు నిర్ణీత గాలి 36 అయితే ఎక్స్ఎల్‌కు 42 పీఎస్ఐ. 92 చెప్పే 630 కిలోలు ఆ 42 దగ్గరే.

ఇప్పుడు ఆ 92 ఎక్స్ఎల్ టైరు వేసి, స్టిక్కరు ప్రకారం పాత 32 పీఎస్ఐ కొడితే? లెక్క వేస్తే సుమారు 505 కిలోలు. ముందటి 88 మామూలు టైరు అదే గాలికి ఎంత మోసింది? 505. ఒక్క కిలో తేడా లేదు. నేను స్వయంగా ఒకసారి ఇలాంటి మార్పు చేసి, చక్రానికి 70 కిలోలు కలిసొచ్చాయని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. గాలి మాత్రం 32 దాటించలేదు. కలిసొచ్చింది సున్నా.

కొన్ని సైజుల్లో ఇంకా విచిత్రం. 205/55 ఆర్16లో మామూలు టైరు 91, ఎక్స్ఎల్ 94. రెండింటికీ 36 పీఎస్ఐ కొడితే 91 మోసేది 615, 94 ఎక్స్ఎల్ మోసేది సుమారు 595. పెద్ద నంబరు టైరు అదే గాలికి కొంచెం తక్కువ మోస్తుంది. గాలి గది పరిమాణం ఒకటే అయినప్పుడు అదే ఒత్తిడికి అద్భుతాలు జరగవని ఒప్పుకుంటే ఇందులో ఆశ్చర్యం ఉండదు. 42 దాకా గాలి కొట్టినప్పుడే ఎక్స్ఎల్ తన 670 చూపిస్తుంది.

అలాగని ఎక్స్ఎల్ దండగ అనలేం. పక్క గోడ గట్టిగా ఉండటంతో మలుపుల్లో స్టీరింగు స్పందన కొందరికి నచ్చుతుంది, గాలి పెంచుకునే చోటు దొరుకుతుంది. మరోవైపు టైరు కాస్త బరువు, గతుకుల్లో కాస్త మొండి. రెండు వాదనలూ నిజమే. అబద్ధం ఒక్కటే: "ఎక్స్ఎల్ వేశాను కాబట్టి గాలి అంతగా పట్టించుకోనక్కర్లేదు" అనేది. నిజానికి పట్టించుకోవాల్సింది ఇంకా ఎక్కువ.

రిమ్ము పెంచితే ఎక్కడ దెబ్బ తగులుతుంది

పెద్ద అలాయ్ వీల్స్ వేయించేవాళ్లు సాధారణంగా ఒక్క లెక్క చూస్తారు: మొత్తం చక్రం వ్యాసం మారకూడదు. స్పీడోమీటరు తప్పు చూపకుండా, టైరు బాడీకి తగలకుండా. మంచిదే. 195/65 ఆర్15 వ్యాసం 634 మిల్లీమీటర్ల చిల్లర. 205/55 ఆర్16కు 632. 225/45 ఆర్17కు మళ్లీ 634. 225/40 ఆర్18కు 637. అన్నీ ఇంచుమించు ఒకటే, కాబట్టి ఒకదాని బదులు ఒకటి వేసుకోవచ్చనిపిస్తుంది.

లోడ్ ఇండెక్స్ చూడండి. మామూలు టైర్లలో మొదటి మూడింటికీ 91. నాలుగోదానికి 88. రిమ్ము పెరిగేకొద్దీ టైరు గోడ కురచవుతుంది, గాలి ఉండే చోటు తగ్గుతుంది. 17 దాకా వెడల్పు పెంచి ఆ లోటు పూడ్చారు, 18కి వచ్చేసరికి వెడల్పు అలాగే ఉండి గోడ మాత్రం తగ్గింది. 91 ఉండాల్సిన కారుకు 18 అంగుళాల 88 వేస్తే, ముందు చెప్పిన 220 కిలోలు పోగొట్టుకున్నట్టే.

ఆ సైజులో 92 ఎక్స్ఎల్ కూడా దొరుకుతుంది. "91 కావాలి, 92 ఉంది, సరిపోయింది" అనుకోవడానికి లేదని ఇప్పటికి మీకే తెలిసి ఉంటుంది. కారు స్టిక్కరు 33 పీఎస్ఐ అని చెబుతోందనుకుందాం. ఆ గాలికి పాత 91 టైరు మోసేది సుమారు 575 కిలోలు. కారు డిజైన్ చేసినవాళ్లు లెక్కలోకి తీసుకున్నది ఆ 575. కొత్త 92 ఎక్స్ఎల్ అదే 575 మోయాలంటే దాదాపు 38 పీఎస్ఐ కావాలి. స్టిక్కరు మీద ఉన్న 33 పాత టైరుకు రాసింది. కొత్త టైరుకు అది ఐదు పీఎస్ఐ తక్కువ గాలి.

రిమ్ముకు కూడా ఒక లోడ్ రేటింగ్ ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. అలాయ్ చక్రం లోపలి వైపున గానీ, వెనక భాగంలో గానీ కిలోల్లో పోత పోసి ఉంటుంది. టైరు 630 మోసినా రిమ్ము 560కే ఒప్పుకుంటే చక్రం హద్దు 560. ఈ అంకె కనబడని చక్రాన్ని అందంగా ఉందని కొనడం నాకైతే భయం.

ఎలక్ట్రిక్ కార్లు, హెచ్ఎల్ అనే కొత్త గుర్తు

ఈమధ్య కొన్ని టైర్ల మీద సైజుకు ముందు హెచ్ఎల్ అని కనిపిస్తోంది. హై లోడ్. దీనికి కారణం బ్యాటరీ. అదే పరిమాణంలోని పెట్రోలు కారు కంటే ఎలక్ట్రిక్ కారు వందల కిలోలు ఎక్కువ తూగుతుంది. ఆ బరువుకు తగ్గట్టు టైరు పెద్దది చేద్దామంటే చక్రపు గూట్లో చోటుండదు, గాలి దూసుకుపోయే తీరు చెడి రేంజ్ (ఒక ఛార్జింగ్‌తో వెళ్లే దూరం) తగ్గుతుంది. కాబట్టి అదే సైజులో ఎక్కువ మోసే టైరు కావాల్సొచ్చింది.

245/40 ఆర్19 తీసుకుంటే మామూలు టైరు 94, అంటే 670 కిలోలు. ఎక్స్ఎల్ 98, 750 కిలోలు. హెచ్ఎల్ 101, 825 కిలోలు. ఎక్స్ఎల్‌కూ హెచ్ఎల్‌కూ తేడా ఇక్కడే ఉంది: హెచ్ఎల్ ఆ 825ను అదే 42 పీఎస్ఐ దగ్గర మోస్తుంది. టైరు కట్టుబడిని, ముఖ్యంగా రిమ్మును పట్టుకునే అంచును బలపరిచి, టైరు మరికాస్త అణిగినా తట్టుకునేలా చేసి సాధించిన లాభం అది. హెచ్ఎల్‌తో వచ్చిన కారుకు అరిగాక సైజు కలిసింది కదా అని ఎక్స్ఎల్ వేస్తే చక్రానికి 75 కిలోలు తగ్గుతాయి. సైజు మాత్రమే చూసి కొనేవాళ్లు రాబోయే రోజుల్లో ఎక్కువగా చేసే తప్పు ఇదే కావచ్చు.

చివరి అక్షరం బరువుతో ముడిపడి ఉంది

టి అంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ 210, వి 240, డబ్ల్యు 270, వై 300. అక్షర క్రమంలో హెచ్ ముందు రావాలి గానీ అది యు, వి మధ్యలో దూరి కూర్చుంది. యుకు 200. కంఠస్థం చేసేవాళ్లకు ఇదో చిరాకు.

"నేను 120 దాటను, వి ఎందుకు, టి చాలదా" అనే ప్రశ్న సమంజసమే. స్పీడ్ రేటింగ్ నిజానికి వేడిని తట్టుకునే పరీక్ష. వేగం, బరువు, తక్కువ గాలి, మండే రోడ్డు అన్నీ చివరికి వేడిగానే టైరులోకి వస్తాయి. కాబట్టి రేటింగ్ ఎక్కువున్న టైరుకు వేడి దగ్గర కాస్త ఎక్కువ జాగా ఉంటుందని ఒక వాదం. రేటింగ్ పెరిగితే టైరు గట్టిపడి, త్వరగా అరగొచ్చు, నెమ్మదిగా నడిపేవారికి ఆ లాభం అక్కరకు రాదని ఇంకో వాదం. చాలా దేశాల్లో నిబంధనలు మాత్రం కారు చేరుకోగల గరిష్ఠ వేగాన్ని బట్టే అడుగుతాయి, మీరు నడిపే వేగాన్ని బట్టి కాదు.

బరువుకు దీనికి ముడి ఇలా: వి రేటింగ్ టైరు తన పూర్తి బరువును మోసేది గంటకు 210 కిలోమీటర్ల దాకానే. 240 దగ్గర అది 91 శాతమే. 615 కిలోల టైరు అక్కడ 560కి దిగుతుంది. వేగ పరిమితి లేని రోడ్ల మీద తప్ప ఇది ఎవరికీ అవసరం పడదు గానీ, లోడ్ ఇండెక్స్ స్థిరమైన అంకె కాదనడానికి ఇదింకో సాక్ష్యం.

వ్యానులు, పెద్ద బండ్ల టైర్ల మీద 195/70 ఆర్15సి 104/102ఆర్ అని రెండు ఇండెక్సులుంటాయి. ఇరుసుకు ఇటొకటి అటొకటి ఉంటే 104, అంటే 900 కిలోలు. జంట టైర్లుంటే ఒక్కోటి 102, 850 కిలోలు, ఎందుకంటే జంటలో రెండూ ఎప్పుడూ సమానంగా మోయవు. కొన్నింటి మీద 6 ప్లై, 8 ప్లై అని కూడా ఉంటుంది. టైరు లోపల నూలు గుడ్డ పొరలు లెక్కపెట్టే రోజుల నాటి మాట అది. ఇప్పుడు అన్ని పొరలు లోపల ఉండవు, బలం అంతటిదని చెప్పడమే.

సరే, ఏది కొనాలి?

"కంపెనీ ఇచ్చిందే" అనేవాళ్ల బలం ఏమిటంటే స్టిక్కరు మీది గాలి, ఇరుసు బరువు, టైరు మూడూ కలిపి పరీక్షించిన ఒక జత. ఒకటి మారిస్తే మిగతా రెండూ మళ్లీ లెక్కించాలి. ఇండెక్స్ తగ్గించడం చాలా చోట్ల నిబంధనలకు విరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా దగ్గరా ప్రశ్న వస్తుంది. ఈ వాదాన్ని నేను ఒప్పుకుంటాను.

"ఎక్కువ ఉంటే తప్పేంటి" అనేవాళ్ల మాటా కొట్టిపారేయలేం. ఎప్పుడూ ఐదుగురు, పైన క్యారియర్, వెనక నిండా సామాను అయితే, స్టిక్కరులో నిండు కారుకు రాసిన ఎక్కువ గాలిని హాయిగా తట్టుకునే టైరు మంచిదే. కానీ ఆ లాభం కావాలంటే గాలి పెంచాలి. ఒక్కరే ఆఫీసుకు వెళ్లొచ్చే కారులో అదే టైరు, అదే ఎక్కువ గాలి వేస్తే ట్రెడ్ మధ్యలో ముందు అరుగుతుంది, నడుము అదురుతుంది.

కాబట్టి నేనైతే ముందు తలుపు స్టిక్కరు చదువుతాను: సైజు, ఇండెక్స్, గాలి. చాలా స్టిక్కర్ల మీద గాలి రెండు వరసల్లో ఉంటుంది, ఇద్దరు ముగ్గురుంటే ఒకటి, నిండుగా ఉంటే ఒకటి. రెండో వరసలో వెనక టైర్ల అంకె ఒక్కోసారి ఐదారు పీఎస్ఐ ఎక్కువ ఉంటుంది. ఆ వరస చూసేవాళ్లు అరుదు, పండగ ప్రయాణాల్లో అవసరం పడేది అదే. గాలి కొలిచేది బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. వాతావరణం 10 డిగ్రీలు మారితే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది. నడిచి వేడెక్కిన టైరులో అంకె పెరిగిందని గాలి తీసేస్తే చల్లారాక అది తక్కువకు పడిపోతుంది.

ఒకే ఇరుసు మీద రెండు టైర్లూ ఒకే రకం ఉండాలి. ఒకటి మామూలు, ఒకటి ఎక్స్ఎల్ అయితే ఏ గాలి కొట్టినా ఒకదానికి తప్పు. తయారీ తేదీ కూడా చూడాలి: పక్క గోడ మీద నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఎన్నాళ్లుగానో ఎండలో నిలబడి ఉన్న టైరుకు ఇండెక్స్ తగ్గదు, రబ్బరు తగ్గుతుంది.

ఇప్పుడు డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి తీయండి. చాలా కార్లలో అది సన్నటి తాత్కాలిక టైరు. దాని మీద టి125/70 డి15 95ఎం లాంటి రాత ఉంటుంది. వెడల్పు 125 మిల్లీమీటర్లు, అసలు టైరులో సగం కంటే కొంచెం ఎక్కువ. ఇండెక్స్ మాత్రం 95, అంటే 690 కిలోలు. ఆ బక్కపలచని టైరు పక్కనున్న లావుపాటి 91 కంటే ఎక్కువ మోస్తుంది. ఎలాగంటే దానికి కొట్టాల్సిన గాలి 60 పీఎస్ఐ. అది ఆ టైరు మీదే రాసి ఉంటుంది, గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దన్న హెచ్చరికతో పాటు. కారు కొన్నప్పటి నుంచి డిక్కీలో పడుకున్న దానిలో ఇప్పుడు ఎంత ఉందో గేజి పెట్టి చూడండి. 30 ఉంటే, పైన 95 అని రాసి ఉన్నా అది 400 కిలోలు మోసే టైరు.